కోటుపెట్టెకు మారు తాళంచెవి

మా నాయనమ్మ చిట్టెమ్మ చేసిన ఉద్యోగం ఒక్కటే, కోటు కాపలా. జీతం లేదు. నాట్లు, కలుపులు, కోతలు, వంట, పిల్లలు, మా తాతయ్య రాయప్ప చేత మాట్లాడించడం, ఇవన్నీ కూడా చేసింది గానీ అవి అందరూ చేసే పనులే కాబట్టి ఉద్యోగంలోకి రావు. కోటు కాపలా మాత్రం తిరువూరు మొత్తానికి ఆమె ఒక్కతే.

ఆ కోటు సంగతి ఇది. పూర్వం మా గుడిలో ఉన్న దొర ఫాదరుగారు తన దేశం వెళ్లిపోతూ నల్ల ఉన్నికోటు ఒకటి మా ముత్తాతకు ఇచ్చి వెళ్లారు. ముత్తాత ఉపదేశి. ఫాదరుగారు రాని ఆదివారాల్లో పేట జనం చేత జపాలు చెప్పించేవాడు. ఆ కష్టానికి ఇచ్చారని మా ఇంట్లో అంటారు. తిరువూరు ఎండలో ఇంక మొయ్యలేక ఇచ్చారని నా అనుమానం. ముత్తాత దాన్ని కొడుకు పెళ్లికి తొడిగాడు. తర్వాత పక్కింటివాళ్లు అడిగారు, ఆ పక్కవాళ్లు అడిగారు. కొన్నాళ్లకి మా పేటలో కోటు లేని పెళ్లి పెళ్లిలా కనపడటం మానేసింది.

దొర పొడుగు మనిషి. మా పేట మగవాళ్లు కారు. ఎవరు వేసుకున్నా కోటు మోకాళ్లు దాటేది, చేతులు వేళ్లు దాటి వేలాడేవి. అందుకని పెళ్లికొడుకు తరఫు ఆడవాళ్లు వాడి కొలతకి చేతులు లోపలికి మడిచి టాకాలు వేసుకోవాలి, పెళ్లయ్యాక విప్పి ఇవ్వాలి. ఎండాకాలం పెళ్లిళ్లలో పెళ్లికొడుకు సొమ్మసిల్లితే కోటు విప్పరు, విసనకర్రతో విసురుతారు. ఇవి నాయనమ్మ పెట్టిన పద్ధతులు.

కోటు ఉండేది దాంతోపాటే ఫాదరుగారు ఇచ్చిన టేకుపెట్టెలో. తాళం విడిగా వేలాడే కప్ప కాదు, చెక్కలోనే బిగించింది. బయటికి చిన్న ఇత్తడి బిళ్ల, దాని మధ్యలో చిల్లు. తాళంచెవి నాయనమ్మ మెళ్లో నల్లతాడుకి, అంతోనివారి బిళ్ల పక్కన ఉండేది. పునీత అంతోనివారు పోయిన వస్తువులు వెతికిపెట్టే పునీతుడు. మా నాన్నకి అంతోనయ్య అని పేరు పెట్టిందీ ఆయన మీద భక్తితోనే.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు, చెరువు కింద మాగాణిలో నాట్లు వేస్తుండగా ఆ తాడు తెగింది. అంతోనివారి బిళ్ల రవికెలో ఆగింది. తాళంచెవి ఆగలేదు. బురదలోకి పోయింది. నాయనమ్మ కాళ్లతో కాసేపు తడిమింది. వెనక వరసవాళ్లు నారుకట్టలు పట్టుకుని మీదికి వచ్చేస్తున్నారు. "ఏంటి చిట్టెమ్మా, అక్కడే పాతుకుపోయావు, నిన్ను కూడా నాటాలా?" అన్నారు. ఆమె ముందుకి జరిగింది.

అప్పుడే పోయిందని చెప్పి ఉంటే ఈ కథ లేదు. చెప్పలేదు. బిళ్ల తన దగ్గరే ఆగింది కాబట్టి ఆయనే వెతికిపెడతాడని నమ్మింది. కోతలప్పుడు నేల బయటపడుతుంది, అప్పుడు దొరుకుతుందని లెక్కేసింది. ఈలోగా ఆ మడిలో కలుపుకి మేస్త్రి పిలవకుండానే వెళ్లింది. నేలని వేళ్లతో దువ్వి దువ్వి కలుపు తీసింది. ఇంత శ్రద్ధగా పనిచేసే మనిషిని చూడలేదని ఆసామి మెచ్చుకున్నాడట.

ఈలోగా శౌరయ్య పెళ్లి వచ్చింది.

శౌరయ్య మా పేటవాడే, వరసకి నాయనమ్మకి మేనల్లుడు. పొట్టివాడు, నోరు మాత్రం పెద్దది. వాళ్లమ్మ కోటు అడగడానికి వచ్చింది. నాయనమ్మ పెట్టె మీద కూర్చునే శౌరయ్యని పిలిపించి, "పరలోక జపం చెప్పరా" అంది. శౌరయ్య సగం దాకా వచ్చి ఆగాడు. మళ్లీ మొదలుపెట్టి అక్కడే ఆగాడు.

"జపం రానివాడికి ఫాదరుగారి కోటు ఎట్టా ఇస్తానురా?" అంది నాయనమ్మ.

శౌరయ్యకి జపం రాని మాట నిజమే. అంతకుముందు కోటు తొడుక్కున్నవాళ్లలో చాలామందికి కూడా రాదు. ఎవరినీ అడగలేదు. శౌరయ్య ఉత్త చొక్కాతో రిబ్కాని చేసుకున్నాడు. పెళ్లిభోజనంలో కూడా నాయనమ్మ వంక చూడకుండా తిన్నాడు.

ఆ తర్వాత మా నాన్నకే సంబంధం కుదిరింది. పెళ్లికూతురు గంపలగూడెం జోజప్పగారి అమ్మాయి ప్రేమకుమారి, అంటే మా అమ్మ. జోజప్ప తాతయ్య పెద్దగా ఏమీ అడగలేదు. "అబ్బాయి కోటుతో ఉండాలి. తిరువూరులో అందరూ కోటు వేసుకుంటారని చుట్టాలందరికీ చెప్పేశాం" అన్నాడు. ఆగమన కాలం మొదలైతే క్రిస్మసు దాటేదాకా గుడిలో పెళ్లిళ్లు చెయ్యరు. కాబట్టి పెళ్లి దానికి ముందే పెట్టారు. కోతలు ఆ తర్వాత.

జోజప్ప తాతయ్య బండి మలుపు తిరగ్గానే నాయనమ్మ మా తాతయ్య దగ్గరికి వచ్చి కూర్చుంది.

"పోయిందయ్యా."

"ఏంటి?"

"తాళంచెవి."

తాతయ్య చుట్ట ఆర్పాడు. "ఎప్పుడు?"

"నాట్లప్పుడు."

"ఊఁ" అని చుట్ట మళ్లీ వెలిగించుకున్నాడు. ఆ రోజుకి ఆయన మాటలు అయిపోయాయి.

నాయనమ్మ ముందు కమ్మరి దగ్గరికి వెళ్లింది. పాత తాళంచెవి తెస్తే దాన్ని చూసి కొత్తది చేసిస్తానన్నాడు. పాతది ఉంటే నీ కొలిమి దగ్గర నాకేం పని అని తిరిగొచ్చింది. వడ్రంగి ఇంటికే వచ్చి పెట్టె చుట్టూ తిరిగి, ఉలితో ఒక్క దెబ్బ కొడితే వచ్చేస్తుందన్నాడు. నాయనమ్మ పెట్టెకి అడ్డం నిలబడింది.

"ఇయ్యాల ఉలితో తెరిస్తే రేపట్నించీ పేటలో ఉలి ఉన్న ప్రతివాడూ కోటుకి ఆసామే. నువ్వు ఇంటికి పో నాయనా."

ఆ ఆదివారం గుడిలో అంతోనివారి స్వరూపం ముందు మొక్కుకుంది. తాళంచెవి దొరికితే తన కొడుకు అంతోనయ్య నిలువెత్తు కొవ్వొత్తి వెలిగిస్తానంది. మా నాన్న పేట మొత్తానికీ పొడుగు, ఆరడుగులకి కాస్త తక్కువ. ఆ అవసరంలో అది గుర్తురాలేదు.

అంతోనివారు ఎక్కడ ఆలస్యం చేస్తారోనని, సంత రోజున తాతయ్య చేత బండి కట్టించి పెట్టెని దాంట్లోకి ఎక్కించింది. కొట్టుకొట్టుకీ తిప్పి అందరి తాళంచెవులూ పెట్టి చూస్తే ఏదో ఒకటి పట్టకపోదని ఆమె ఆలోచన. తాళంచెవి విరిగిందని అడిగినవాళ్లకి చెప్పాలనుకుంది. బండి వెనకాల శౌరయ్య తయారు. వాడికి ఆ రోజు సంతలో పనేమీ లేదు.

"ఎక్కడికత్తా, కోటుకి గాలి పోయించడానికా?"

"నీ పని చూసుకోరా."

"అంతోనయ్య బావకి జపం వచ్చా అత్తా? అడిగావా?"

నాయనమ్మ ఎద్దుల్ని అదిలించమని తాతయ్యకి చెప్పింది.

బట్టల కొట్టాయన పెద్దమనిషి. అంతా విన్నాడు. "నా తాళంచెవి నీ పెట్టెకి పట్టిందనుకో, అప్పుడు?" అన్నాడు.

"పడితే తెరుచుకుంటుందండి."

"అది కాదు. నా చెవి నీ పెట్టెకి పడితే, నీ చెవి నా కొట్టుకి పట్టినట్టే గదా?"

నాయనమ్మకి ఈ సంగతి తట్టలేదు. ఆయనకి తట్టింది కాబట్టి నిమిషంలో బజారంతటికీ తట్టింది. బండి వస్తుంటే గల్లాల దగ్గర కూర్చున్నవాళ్లు మొలతాళ్లు సర్దుకోవడం మొదలుపెట్టారు. పాపం కొందరు ఏ తలుపువో తెలియని తుప్పు తాళంచెవులు గంపలో పోసి పంపించారు. నాయనమ్మ నడిబజార్లో బండి మీద మోకాళ్లేసి కూర్చుని ఒక్కొక్కటే పెట్టి తిప్పింది. సంతకొచ్చిన జనం బేరాలు మానేసి చుట్టూ మూగారు. ఒక్కటీ తిరగలేదు. ఒకటి ఇరుక్కుని, లాగడానికి తాతయ్య కూడా ఎక్కాల్సి వచ్చింది.

అప్పుడు తాతయ్య నోరు తెరిచాడు.

"వెంకటప్పయ్య శెట్టిగారి గల్లాపెట్టెకి కూడా ఇట్టాంటి బిళ్లే ఉంటుంది."

నాయనమ్మ ఆయన్ని చూసింది. "ఇంత ఊరు తిరిగాక చెబుతున్నావా?"

"నువ్వు అడగలేదుగా."

వెంకటప్పయ్య శెట్టిగారిది బజారు చివర కిరాణా కొట్టు. అరుగు మీద పరుపు, పరుపు ముందు గల్లాపెట్టె, దాని వెనక ఆయన. మా వాళ్లు అరుగు ఎక్కరు, కిందనుంచే అడుగుతారు. సరుకు పైనుంచి కొంగులో పడుతుంది. తాతయ్య బండిని వెనక్కి తోసి అరుగుకి ఆనించాడు. అలా మా పెట్టె ఆయన గల్లాపెట్టెకి ఎదురుగా వచ్చింది. రెండింటి బిళ్లలూ ఒకే మూసలో పోసినట్టున్నాయి. శెట్టిగారు తప్ప అందరూ చూశారు.

"మా నాయన బెజవాడలో చెప్పి చేయించిన తాళం ఇది. దీనికి జత ఎక్కడా లేదు" అన్నాడాయన.

"లేకపోతే పట్టదు గదండీ. ఒక్కసారి పెట్టి చూపించండి, వెళ్లిపోతాం."

ఇస్తే అనుమానపడ్డట్టు, ఇవ్వకపోతే భయపడ్డట్టు. సంత జనం అంతా అరుగు కిందే ఉన్నారు. శెట్టిగారు నవ్వి, మొలతాడుకున్న తాళంచెవి విప్పకుండానే ముందుకి వంగాడు. పొట్ట అరుగు అంచుకి ఆనింది. చెవి చిల్లులో పెట్టి తిప్పాడు.

కటక్కుమంది.

మూత ఆయన చేతిలోకే లేచింది. వేపాకు వాసన, కింద నల్లకోటు. శెట్టిగారి నవ్వు ఇంకా అలాగే ఉంది. దాన్ని తియ్యడం మర్చిపోయాడు. అలాగే వంగి కాసేపు కోటు వంక చూసి, చెవి లాక్కుని, రెండుచేతులతోనూ గల్లాపెట్టె పట్టుకున్నాడు.

"చిట్టెమ్మా. నీ తాళంచెవి ఏదీ?"

"ఉందండి."

"ఎక్కడ?"

"పొలంలో పడిందండి."

"ఏ పొలం?"

"చెరువు కింద మాగాణి."

"చెరువు కింద ఎవరి మాగాణే?"

నాయనమ్మ కొంగు సర్దుకుంది. "మీదేనండి."

శెట్టిగారు గల్లాపెట్టెని ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. తన గల్లాపెట్టె తాళంచెవి తన పొలంలోనే ఎక్కడో వరిదుబ్బుల మధ్య పడుంది. రేపు కోతలప్పుడు అందులో దిగేది పేట మొత్తం. ఇదంతా ఆయన మొహంలో వరసగా కనపడిందని నాన్న చెప్పేవాడు.

"ఎప్పుడు పడింది?" అన్నాడు చివరికి, నీరసంగా.

"నాట్లప్పుడండి."

చెప్పేశాక నాలుక కరుచుకుంది గానీ అప్పటికే శౌరయ్య బండిచక్రం ఎక్కాడు.

"నాట్లప్పుడా? నా పెళ్లి నాట్లయ్యాక గదా అత్తా!"

నాయనమ్మ పెట్టెలో కోటు మడత సరిచేసింది.

"అయితే తాళంచెవి లేక కోటివ్వలేదా? నాకు జపం రాదని పేటంతా చెప్పావు! రిబ్కా వాళ్ల నాన్న ఇప్పటికీ నేను వెళ్తే, కూర్చో అనకుండా, జపం చెప్పు అంటాడు!"

బజారు బజారంతా నవ్వింది. శౌరయ్య నవ్వలేదు. నాయనమ్మ వాడి వంక చూసి, మూత వేసి, పెట్టె మీద కూర్చుంది. కోటు బయటికి తీసుకుని ఇంటికి పోతే నాన్న పెళ్లికి సరిపోయేది. శెట్టిగారు కూడా అదే అన్నాడు. "తెరుచుకుందిగా, ఇంక పో. దీనికి వేరే తాళం వేయించుకో, డబ్బులు నేనిస్తా."

"ఇది ఫాదరుగారి పెట్టెకి మొదట్నించీ ఉన్న తాళమండి. మీరు మార్చుకోండి, ఆ చెవి నాకివ్వండి."

"మా నాయన చేయించిన తాళం నేను మార్చాలా?"

"మీ ఇష్టమండి. పొలంలో పడ్డ చెవి ఎవరికన్నా దొరికితే నా పెట్టే తెరుస్తారు, మీ పెట్టే తెరుస్తారు. నా పెట్టెలో ఉంది కోటు. పేటలో అందరిదీ." ఆగింది. "మీ పెట్టెలో ఏముందో నేను అడగను."

శెట్టిగారి భార్య బాలామణి అంతసేపూ లోపలి గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. "ఈ పూట బస్సుకే మనిషిని బెజవాడ పంపించండి" అంది.

బెజవాడ నుంచి తాళం వచ్చేసరికి పెళ్లి ముందురోజు సాయంత్రం అయింది. అప్పటిదాకా శెట్టిగారు గల్లాపెట్టె పక్కనే అన్నం తిన్నాడట. నాయనమ్మా అంతే. తాళం పడని పెట్టెని వదిలి పనికి కూడా పోలేదు. కోటు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. వడ్రంగి గల్లాపెట్టెకి కొత్త తాళం బిగించాక శెట్టిగారు కబురు పెట్టాడు. నాయనమ్మ అరుగు కింద నిలబడి దోసిలి పట్టింది. ఆయన చెయ్యి తగలకుండా పాత తాళంచెవి పైనుంచి వదిలాడు.

"అయితే అంతోనివారు వెతికిపెట్టినట్టేగా" అన్నాడు తాతయ్య ఇంటికి రాగానే.

"నేనడిగింది నా తాళంచెవి. ఆయన ఇచ్చింది శెట్టిగారిది." బాగా ఆలోచించి, నాన్న నడుము ఎత్తు కొవ్వొత్తికి ఒప్పుకుంది.

పెళ్లిరోజు తెల్లవారగానే శౌరయ్య, వెనక రిబ్కా, మా గుమ్మంలో ఉన్నారు. వాడు ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు.

"మీ వాడు వేసుకోకముందు నేను వేసుకోవాలి. రిబ్కాతో గుడి నుంచి ఇంటిదాకా నడవాలి. లేకపోతే ఇయ్యాల జోజప్పగారి చుట్టాలకి మొత్తం చెబుతా" అన్నాడు.

"ఇయ్యాలా?" అంది నాయనమ్మ. లోపల నాన్న తలకి నూనె రాసుకుంటూ విన్నాడు.

"ఇయ్యాలే."

నాయనమ్మ పెట్టె తెరిచి, కోటు తీసి, నాలుగు వేళ్లతో దులిపింది. ఇంతవరకూ ఏ పెళ్లికొడుకుకీ ఆమె టాకాలు వెయ్యలేదు, వాళ్ల ఆడవాళ్లే వేసుకోవాలి. ఆ రోజు శౌరయ్యని గుమ్మంలో నిలబెట్టి, తనే సూదీదారం తీసుకుని, వాడి పొట్టి చేతులు కొలిచి మడతలు వేసింది. ఒక్కో చేతికీ చుట్టూ దగ్గర దగ్గరగా కుట్టింది. నోట్లో దారం ఉంది కాబట్టి క్షమించమని అడగలేకపోయిందని మా అమ్మ అంటుంది. దారం లేకపోయినా అడిగేది కాదని నేనంటాను.

వాళ్లిద్దరూ గుడి మెట్ల నుంచి బయల్దేరారు. శౌరయ్య తిన్నగా ఇంటికి పోలేదు. పేట మొత్తం తిరిగాడు. మామగారి ఇంటి ముందు ఆగి, అడగకుండానే పరలోక జపం గట్టిగా చెప్పాడు. ఈసారి సగం దాటింది. నాయనమ్మ వెనకాలే, కోటు అంచు దుమ్ములో పడకుండా చూసుకుంటూ నడిచింది. అందరి పెళ్లిళ్లకీ అలాగే నడిచేది. రిబ్కా ఒకటే సిగ్గు, ఒకటే నవ్వు.

వాళ్లు తిరిగొచ్చేసరికి జోజప్పగారి బళ్లు దిగిపోయాయి. గుడి తలుపు దగ్గరే శౌరయ్య ఒంటిమీంచి కోటు విప్పి నాన్నకి తొడిగారు. నాన్న చేతులు పొడుగు. కోటు చేతులు మోచేతులు దాటి కొంచెం కిందికొచ్చి ఆగిపోయాయి. అక్కణ్ణించి వేళ్ల దాకా అంతా నాన్నే.

"అమ్మా, టాకాలు విప్పవే" అన్నాడు నాన్న, పెదాలు కదలకుండా.

నాయనమ్మ చూసింది. శౌరయ్య మెట్ల మీదే నిలబడి ఉన్నాడు, చెమట తుడుచుకుంటూ, తన చేతుల కొలత ఎక్కడికి వచ్చిందో చూసుకుంటూ.

"ఇప్పుడు విప్పితే, వాడికి ఉత్తినే తొడిగి లాక్కున్నట్టు ఉంటుంది."

"మరి నేను?"

"నువ్వు నా కొడుకువి. నిన్నెవరూ ఏమీ అనుకోరు. పద."

లోపల గంట కొట్టారు. జోజప్పగారి చుట్టాలు మెడలు సాచి కోటు కోసం చూస్తున్నారు. నాన్న చేతులు రెండూ వెనక్కి కట్టుకుని లోపలికి నడిచాడు.